ఊ కొట్టే గుంట ఏదమ్మా?

మా వీధికి పదకొండేళ్ళుగా చేపలు తెచ్చిన మామ్మ పోయింది. ఆ మాట గేటు దగ్గర నిలబడి ఆవిడ కోడలు చెప్పింది. నెత్తిన గంప లేదు. "అత్త పోనాదమ్మా. మంగళారం పొద్దున్న టీ అడిగినాది. నాను ఎట్టుకొచ్చీసరికే లేదు" అంది. లోపలికి రమ్మంటే మైలని రాలేదు. "మా ఇంటాయనకి ఇంకా తెల్దు. గుజరాత్ బోటు మీద సముద్రంలో ఉన్నాడు. బోటు ఒడ్డుకొస్తే గాని ఫోన్ కలవదు" అని కూడా చెప్పింది. మామ్మకి ఒక్కడే కొడుకు. తలకొరివి మరిది కొడుకు చేత పెట్టించారట.

నేను నడిపే పిల్లల పాడ్‌కాస్ట్ వినే ఇళ్ళలో మామ్మ గొంతు తెలియనివాళ్ళు ఉండరు. మనిషిని చూసినవాళ్ళం మాత్రం మా వీధివాళ్ళమే. అందుకే ఇది రాస్తున్నాను. పాడ్‌కాస్ట్ అంటే పెద్ద వ్యవహారమేమీ కాదు, ఫోన్‌లో రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టే రేడియో లాంటిది. ప్రతి ఆదివారం పిల్లలకి ఒక కథ, ఆ తర్వాత పెద్దవాళ్ళకి నా రోజువారీ గోల ఒక నాలుగు నిమిషాలు. పాలు పొంగిపోవడం, కరెంటు పోవడం, మా ఆయన బస్సులో గొడుగు మర్చిపోవడం, ఇలాంటివే.

మామ్మ పొద్దున్న తొమ్మిదింటికి సర్వీసు ఆటో దిగి శ్రీకాకుళంలో మా వీధి మొదట్లోనే కేకేసేది. గంప దింపడానికి ఇంకొక చెయ్యి కావాలి కనుక నన్ను పిలిచేది. ఎంత పనిలో ఉన్నా పరుగెత్తాల్సిందే. ఆలస్యమైతే "ఏటమ్మా, మెడ ఇరిగిపోయాక వస్తావేటి?" అని వీధంతా వినిపించేలా తిట్టేది. నేను బేరం గట్టిగా ఆడతానని పేరు. నా అనుమానపు మొహం చూడగానే చేప మొప్ప ఎత్తి ఎరుపు చూపించేది. "నన్ను నమ్మొద్దు, మొప్పని నమ్ము" అనేది. నేను పదకొండేళ్ళూ మొప్పనే నమ్మి, చివరికి ఆవిడని నమ్మాను.

కథలు మొదలైంది మూడేళ్ళ క్రితం. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్ళు. మోకాలు దోక్కుపోయి మెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది. మామ్మ నెత్తళ్ళ చేపలు కొలవడం ఆపి, సముద్రాన్ని బిందెలో ఇంటికి పట్టుకుపోదామనుకున్న పీత కథ ఎత్తుకుంది. రెండు ముక్కలు చెప్పి టక్కున ఆగిపోయింది. మా అమ్మాయి ఏడుపు మానేసి చూసింది. "ఊ కొట్టవేటే గుంటా? నువ్వు ఊ అంటేనే గదా పీత నడుస్తాది" అంది మామ్మ. అది "ఊ" అంది. పీత నడిచింది.

"మధ్యలో ఊ అనకపోతే ఏమవుతుంది మామ్మా?" అని అడిగాను. "ఊ లేని కథ, ఉప్పెయ్యని సేప. తెల్లారీసరికి పాడైపోద్ది" అంది.

ఫోన్ తెచ్చి రికార్డు చేసుకోనా అంటే "ఎట్టుకో, నాకేటి" అంది. ఆ తర్వాత గంప ఖాళీ అయ్యాక వారానికో రోజు మా మెట్టు మీద కూర్చుని కథ చెప్పేది. మా అమ్మాయి ఎదురుగా కూర్చుని ఊ కొట్టేది. నేను ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని.

ఆ వేడిలో నేను చేసిన బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. మైకు కొన్నాను. రికార్డింగులు శుభ్రం చేయడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. పీత కథ తీసుకుని ఆటో హారన్లు తీసేశాను, కాకుల్ని తీసేశాను, మా అమ్మాయి ఊ లన్నీ ఒక్కొక్కటే ఏరి పారేశాను. మూడు రోజుల పని. ఆ ఆదివారం పాడ్‌కాస్ట్‌లో పెడితే, ఎంత స్వచ్ఛంగా ఉందో అని నలుగురు మెచ్చుకున్నారు. నేను పొంగిపోయి మామ్మని కూర్చోబెట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాను.

మొదట నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. సగంలోనే తీసేసింది.

"ఊ కొట్టే గుంట ఏదమ్మా?"

"తీసేశాను మామ్మా. మీ గొంతు ఒక్కటే బాగా వినిపించాలని."

ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టేసింది. గంప ఎత్తమంది, ఎత్తాను, వెళ్ళిపోయింది. మర్నాడు చేపలు తెచ్చింది. మొప్ప చూపించింది. కథ మాత్రం లేదు. మా అమ్మాయి మెట్టు మీద కూర్చుని చూసేది. "ఎండెక్కిపోతంది గుంటా" అని లేచిపోయేది. అలా నాలుగు వారాలు. తప్పు నాదని తెలుస్తూనే ఉంది, ఏం తప్పో మాత్రం తెలియలేదు.

చివరికి ఒకరోజు గంప దింపుతూ ఉండబట్టలేక అడిగేశాను. "నా మీద కోపమా మామ్మా?"

"కోపం కాదమ్మా. బయ్యమేసినాది."

మెట్టు మీద కూలబడి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో గాలివాన పడి పడవలు తిరిగి రాకపోతే ఆడవాళ్ళంతా ఒడ్డున కూర్చుంటారట. ఒకావిడ కథ చెబుతుంది, మిగతావాళ్ళు ఊ కొడతారు. "ఊ అన్నంతసేపు ఎవుల్లూ ఏడవరమ్మా. అందుకే సెప్తాం. నా తోడబుట్టిన అప్పకి పెనిమిటి రాలేదు. అందరూ ఇళ్ళకెళ్ళిపోయినా అది ఒక్కర్తే కూకుని సెప్పుకుంటా ఉండిపోనాది. ఊ అనీవోల్లు లేరు. ఆ మనిషి మరి మామూలు కాలేదు. నీ ఫోన్లో నా గొంతు ఇంటే అదే అగుపించినాది."

నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు కూర్చుని నేను శుభ్రం చేసింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ రాత్రే శుభ్రమైన కథ తీసేసి, హారన్లతో, కాకులతో, మా అమ్మాయి ఊ లతో మొదటిదే మళ్ళీ పెట్టాను. ఆ ఆదివారం నా నాలుగు నిమిషాల్లో గొడుగుల గోల మానేసి, చేసిన తప్పు చెప్పుకున్నాను. తర్వాత ఒక్కొక్క ఇంటి నుంచీ కబుర్లు వచ్చాయి. విశాఖలో ఒక పిల్లాడు అన్నం తింటూ ఊ అంటున్నాడట, బరంపురంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు నేనంటే నేనని కొట్టుకుంటున్నారట. అవన్నీ మామ్మకి చదివి వినిపించాను.

"అంతమందున్నారేటి?" అంది. కొంచెంసేపు గంపలో నెత్తళ్ళు సర్దింది. "అయితే ఆ గుంటని పిలు."

ఆ తర్వాత రెండున్నరేళ్ళలో వందకు పైగా కథలు చెప్పింది. పోయిన ఆ నాలుగు వారాలకి మాత్రం నాకు ఇప్పటికీ బాధే.

కొడుకు తొమ్మిదో రోజుకి ఆమదాలవలసలో రైలు దిగాడు. కార్యక్రమాలన్నీ అయ్యాక భార్యని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గుండు, ఎండకి నల్లబడిన మొహం, అచ్చం మామ్మ గడ్డం. లోపలికి రమ్మంటే వద్దని మెట్టు మీదే కూర్చున్నాడు.

"ఆకరి సూపు దొరకలేదమ్మా నాకు" అన్నాడు. "అమ్మ మాట మీకాడ ఉన్నాదంట గదా. ఒక్కపాలి ఇనిపిస్తారేటి?"

ఏ కథ పెట్టాలో నేను ఆలోచించలేదు. పీత కథ పెట్టి ఫోన్ అతని చేతిలో ఉంచాను. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాడు. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మాకు కథ వినిపించడం లేదు. కొంచెంసేపటికి అతను నేల చూస్తూ, పైకే "ఊ" అన్నాడు. ఆగి మళ్ళీ "ఊ" అన్నాడు. ఎదురుగా తల్లి కూర్చున్నట్టే అంటున్నాడు. ఆ ఊ లను బట్టి పీత ఎక్కడిదాకా వచ్చిందో నాకూ మా అమ్మాయికీ తెలుస్తూనే ఉంది. భార్య గేటు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ కథ పదకొండు నిమిషాలు. అయిపోయింది. ఫోన్ తెర ఆరిపోయింది. అతను తల ఎత్తలేదు, ఇంకా ఊ కొడుతూనే ఉన్నాడు.