ఈగ స్పష్టం, పెళ్లికొడుకు మసక

పెళ్లి హాలు మూడో అంతస్తులో ఉంది. చుట్టుపక్కల పచ్చని ఆకన్నది లేదు. కిటికీ తెరిస్తే పాండేసర పేటలోని బట్టల రంగుల మిల్లుల పొగగొట్టాలు. మరి ఆ అక్షింతల పురుగు పెళ్లికూతురి తండ్రి దశరథం చేతి మీదికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన భార్య రాజమ్మకు ఇప్పటికీ తెలియదు. ఫొటోగ్రాఫర్ దేవదాసును ఎప్పుడడిగినా, "రెక్కలున్నయి కద వదినె, వచ్చింది" అంటాడు.

ఆరు కాళ్లకు తక్కువున్న ఏ జీవీ దేవదాసు కెమెరాకు ఆనదు. రెండు కాళ్ల వాళ్లంతా వెనకాల మసక. బతుకుతెరువు చీరల ఫొటోలు, ప్రాణం పురుగుల ఫొటోలు.

ఒకసారి బట్టల మార్కెట్లో ఒక గుజరాతీ సేఠ్ కొత్త చీరలకు ఫొటోలు తియ్యమన్నాడు. చీర అంచు మీద ఒక గండుచీమ పాకింది. అంతే. ఫొటోలో చీమ మీసం మీది నూగు కూడా కనిపిస్తోంది. చీర మాత్రం ఒలికిపోయిన రంగునీళ్లలా ఉంది.

"దేవదాస్ భాయ్, మారే సాడీ వేచ్‌వీ ఛే, మకోడో నహీ," అని సేఠ్ నెత్తి పట్టుకున్నాడు. అమ్మాల్సింది చీర నాయనా, చీమ కాదు అని.

"చీమ నడుము చూడు సేఠ్. గిసొంటి నడుము మీద కడితే ఏ చీరైనా అమ్ముడుపోతది."

సేఠ్ ఇంకోసారి చీమను చూసుకుని, అన్నీ మళ్లీ తియ్యమన్నాడు.

రాజమ్మ వంటింట్లో బొద్దింక కనబడినా ఇదే గోల. దేవదాసు వాళ్ల గల్లీలోనే ఉంటాడు. చాయ్ తాగడానికి వచ్చినవాడు, ఆమె చీపురు ఎత్తగానే నేల మీద బోర్లా పడుకునేవాడు.

"జర ఆగు వదినె, మీసాలు దువ్వుకుంటున్నది."

"నా పొయ్యి కాడ దాని సింగారమేంది? లేవయ్యా, చాయ్ సల్లారుతున్నది."

"దానికి భయమైతది, మెల్లగ మాట్లాడు."

పోయేటప్పుడు పోయొస్తనని చెప్పే అలవాటు కూడా లేదు. మాట సగంలో ఉండగా గుమ్మం దగ్గర ఏ రెక్కో కదిలేది, మనిషి మాయం. మిగిలిన సగం మాట రాజమ్మ గోడకు చెప్పుకునేది.

కూతురు హారతి పెళ్లికి ఆమె ఈ మనిషినే పిలిచిందంటే చుట్టాలు ఊరుకుంటారా? "పెండ్లికొడుకు మసకొస్తడు, లడ్డు మీది ఈగ మెరుస్తది," అన్నారు. రాజమ్మ దిగులు వేరే. మరమగ్గాల దగ్గర బతుకంతా నిలబడి పనిచేసిన దశరథానికి ఏడాది కింద పక్షవాతం వచ్చింది. నడక తిరిగి వచ్చింది గానీ, మూతి ఒక పక్కకే ఉండిపోయింది. అప్పటి నుంచి కెమెరా కనబడితే చాలు, తువ్వాలు ముఖం మీదికి లాక్కుంటాడు.

"నా మూతి చూస్తే ఫొటోకు గూడ పక్షవాతం వస్తదే," అనేవాడు.

"బాపు లేకుంటే నాకు ఏ ఫొటో వద్దు," అని హారతి ముందే చెప్పేసింది.

తలంబ్రాలయ్యాయి. దశరథం చివరి వరసలో, తువ్వాలు చాటున కూర్చున్నాడు. రాజమ్మ దేవదాసు పక్కకు చేరి, "బిడ్డ పక్కన ఆయన. ఒక్కటంటే ఒక్క ఫొటో. ఇంకేమడగ నిన్ను," అంది.

దేవదాసు ఊఁ అన్నాడు, చూపు మాత్రం దీపం చుట్టూ తిరిగే పురుగు మీద ఉంది. రాజమ్మ ఆశ వదులుకుంది.

కాసేపటికి దేవదాసు చివరి వరసలోకి పోయి దశరథం చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, కదలకు. చేతి మీద అక్షింతల పురుగు. హారతీ, జల్ది రా, మీ బాపును చూడు."

శెనగ గింజంత ఎర్రటి పురుగు, వీపు మీద నల్లటి చుక్కలు. పట్టుచీర సర్దుకుంటూ వచ్చి హారతి తండ్రి చేతి మీదికి వంగింది.

"బాపూ, ఊదకు. ఎగిరిపోతది."

"నేను ఊదినా గాలి పక్కకే పోతది బిడ్డా. దానికేం కాదు."

హారతికి నవ్వు ఆగలేదు. ఆమెను చూసి దశరథానికీ ఆగలేదు. తువ్వాలు ఎప్పుడో ఒళ్లోకి జారిపోయింది. పురుగు కనబడితే పాకుతూ దగ్గరికి పోయే దేవదాసు, ఆ రోజెందుకో కెమెరా కంటికి పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి పప్పు బగోనెకు తగిలాడు. రాజమ్మకు ఒళ్లు మండిపోయింది. "బిడ్డ పెండ్లిల గూడ పురుగేనా?"

కొన్నాళ్లకు ఆల్బం తెచ్చాడు. రాజమ్మ చాయ్ ఇచ్చి పేజీలు తిప్పింది. లడ్డు మీద ఈగ స్పష్టం, పెళ్లికొడుకు మసక. పంతులు చెవి మీద దోమ స్పష్టం, పంతులు మసక. చుట్టాలు చెప్పినట్టే ఉందనుకుంటూ చివరి పేజీ తిప్పింది.

అక్కడ పురుగు మసక. రాలిన కుంకుమంత ఎర్రటి చుక్క, అంతే. దాని వెనక తండ్రీ కూతుళ్లు, ఒక్కో తెల్ల వెంట్రుకతో సహా స్పష్టం. మూతి వంకర వంకరగానే ఉంది. నవ్వు దాని మీదుగానే చెవుల దాకా పోయింది.

దశరథం ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. తువ్వాలు కోసం చెయ్యి పోలేదు.

"పురుగు మసకొచ్చింది. పాపం, దేవదాసుకు చెయ్యి తప్పినట్టుంది," అన్నాడు. తర్వాత మెల్లగా, "పెద్దగ చేపించి గోడకు పెట్టుదమే," అన్నాడు.

"ఏమయ్యా దేవదాసూ," అంటూ రాజమ్మ తలెత్తింది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. గల్లీ చివర గోడ పక్కన ఒక వంగిన వీపు, దేని వెంటనో, మలుపు తిరిగిపోయింది.

సగం తాగిన చాయ్ గ్లాసు అంచు మీద ఒక చీమ తిరుగుతోంది. గ్లాసు కడగబోయిన రాజమ్మ ఆగి, దాని పని అయ్యేదాకా పక్కనే కూర్చుంది.