ఏ కాలితో కొడతావు?

ప్లెయిన్స్‌బరోలో, నా చిన్నప్పుడు, మా అపార్ట్‌మెంట్ల వెనక గడ్డిలో శనివారాలు సాకర్ ఆడేవాళ్లం. పిల్లలమంతా తెలుగువాళ్లమే. టీమ్ నడిపేది మా నాన్న. ఆట నేర్పేది మాత్రం పక్కింటి బెంగాలీ తాతగారు. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చిన ఆయన, కలకత్తాలో ఒక క్లబ్బుకి చాలాకాలం కార్యదర్శిగా చేశారట. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మెడలో విజిల్ వేసుకుని వచ్చేవారు.

ఒకరోజు, మా అపార్ట్‌మెంట్లలో కొత్తగా దిగినవాళ్ల అమ్మాయి బంతిని కాలితో తోసుకుంటూ వచ్చింది. నా ఈడుదే. తాతగారు అడిగింది ఒక్కటే, ఏ కాలితో కొడతావని. ఎడమకాలితో అంది. కొట్టింది. గోల్‌లో ఉన్న నా చేతులకు బంతి అందనేలేదు.

ఆట అయ్యాక అంకుల్స్ చాయ్ ఫ్లాస్క్ చుట్టూ చేరారు.

"బాగా ఆడావే! మీ ఇంటిపేరేంటమ్మా? ఇండియాలో ఏ ఊరు?"

ఆ పిల్ల చెప్పింది. ఆ రెండూ తెలిస్తే మావాళ్లకి కులం తెలిసిపోతుంది. ఒకాయన కప్పులోకి చూసుకున్నాడు. ఇంకొకాయన నాన్న వైపు చూశాడు.

"టీమ్ ఫుల్ అయిపోయింది తల్లీ, నెక్స్ట్ ఇయర్ ట్రై చేద్దువుగాని" అన్నాడు నాన్న.

ఎవరికీ ఇవ్వని జెర్సీ ఒకటి మా కారు ట్రంక్‌లో ఉంది. పొద్దున దాన్ని మడతపెట్టింది నేనే. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను వంగి షూ లేసులు కట్టుకున్నాను.

మరుసటి వారం తాతగారు ఆ పిల్ల ఏదని అడిగారు. నాన్న మళ్లీ అదే మాట చెప్పాడు. తాతగారు మమ్మల్ని గడ్డిలో కూర్చోబెట్టి, పాత సంగతి ఒకటి చెప్పారు. తెల్లవాళ్ల ఏలుబడిలో, కలకత్తాలో ఒక పిల్లవాడు సైనికుల ఆటలోంచి దొర్లుకొచ్చిన బంతిని తిరిగి తన్నాడట. ఆ తన్నుతో ఆట పిచ్చి పట్టింది. పెద్దయ్యాక క్లబ్బులు పెట్టాడు. ఒకసారి కుమ్మరి ఇంటి కుర్రాణ్ని చేర్చుకుందామంటే సభ్యులు ఒప్పుకోలేదు. ఆయన వాళ్లను బతిమాలలేదు. తాను పెట్టిన క్లబ్బును తానే మూసేసి, ఆ కుర్రాడితో కలిసి ఇంకో క్లబ్బులో ఆడాడు.

కథ ముగించి, మెడలోని విజిల్ తీసి నాన్న చేతిలో పెట్టారు. "మీ టీమ్ ఫుల్ కదా, నేను ఎక్కువైనట్టున్నాను" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అని, ఇంటికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే నాన్న నన్ను వెంటబెట్టుకుని, జెర్సీ తీసుకుని వాళ్లింటికి వెళ్లాడు. ఆ పిల్ల వాళ్లమ్మ మంచినీళ్లిచ్చింది. "పర్లేదండీ, మా పాప ఇప్పుడు స్విమ్మింగ్‌కి వెళ్తోంది" అంది నవ్వుతూనే. తలుపు పక్కన సాకర్ బూట్లున్నాయి, వాటికి పచ్చి బురద. నాన్న వాటిని చూశాడు. నేనూ చూశాను. తిరిగొస్తున్నంతసేపూ జెర్సీ నా చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు నా పిల్లలే ఆ ఈడుకొచ్చారు. వాళ్ల టీమ్‌కి ఆట నేర్పుతున్నది నేనే. కొత్తగా ఎవరొచ్చినా ఏ కాలితో కొడతావనే అడుగుతాను. కానీ మన తెలుగువాళ్ల పిల్ల ఎదురుగా నిలబడితే, ముందుగా నాలుక మీదికి వచ్చేది ఇప్పటికీ ఇంటిపేరు ప్రశ్నే. దాన్ని మింగడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో నేనింకా వంగి లేసులు కట్టుకుంటూనే ఉంటాను.