చెప్పు వేసుకునే కాలు

మా బావమరిది మనుషుల్ని ముక్కలుగా తూస్తాడు. కత్తి పట్టడు, మెడలో టేపు ఒక్కటే. ఆసుపత్రిలో నడక పరీక్ష చేసే గదిలో వాడి ఉద్యోగం. తొడ, పిక్క, పాదం, చెయ్యి ఎంత పొడవో, ఎంత లావో కొలిచి చెబుతాడు. ఏ భాగం ఎంత బరువుంటుందో, ఆ బరువు ఏ చోట నిలుస్తుందో కంప్యూటర్ అంచనా కడుతుంది. మనిషి నడుస్తుంటే నిలదొక్కుకుంటాడో, తూలతాడో దాన్నిబట్టే తేలుతుంది.

ఒకసారి నా తలకాయ బరువు చెప్పమన్నాను.

"నాలుగున్నర కిలోలు బావా. లోపల ఏముందో మాత్రం టేపుకి అందదు" అన్నాడు.

వాడు చేత్తో ఎత్తి చూసిన పుచ్చకాయని కొట్టువాడు తూచకుండానే ఇచ్చేస్తాడు. తూస్తే కాటా సిగ్గుపడుతుందట.

వాడి అక్క, అంటే మా ఆవిడ, సిటీ బస్సు కండక్టర్. మోకాలు విరిగి ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంది. ప్రయాణికుణ్ణి నేనొక్కణ్ణే. గుమ్మంలో ఆగితే చాలు, "లోపలికి జరగండి!" అని కేక. నడక పరీక్ష నెగ్గితేనే మళ్ళీ బస్సు, లేదంటే డిపోలో కుర్చీ. ఆవిడకి కుర్చీ అంటే జైలే.

పరీక్ష రోజు వాడు వంగి కొలుస్తూ అంకెలు చదివాడు. అందరూ గురువుగారని పిలిచే పెద్దాయన వాటిని కంప్యూటర్లో కొట్టాడు. ఆవిడ ఆ గోడ నుంచి ఈ గోడ దాకా చక్కగా నడిచింది. తెర మీద మాత్రం ఎర్ర గీత. పడిపోతుందని అర్థం.

"ఇంకోసారి, అక్కా."

మళ్ళీ ఎర్ర గీతే. ఆవిడ మొహం వాడిపోయింది.

"సరేలేరా, చెప్పులు ఇటు తొయ్యి. కాలు చల్లబడిపోతోంది."

వాడు ఆగిపోయాడు. "ఏ కాలక్కా?"

"చెప్పు వేసుకునే కాలేరా! మోకాలికి తొడుక్కుంటానా?"

వాడు గిర్రున తిరిగాడు. "గురువుగారూ, నేను 'కాలు ఇరవై మూడు' అంటే ఎక్కడ కొట్టారు?"

"కాలు దగ్గరే. తుంటి నుంచి మడమ దాకా."

"అయ్యో, నేను చెప్పింది పాదమండీ!"

పాపం, కంప్యూటర్ ఏం చేస్తుంది? బీరువాకి పిల్లికాళ్ళు తగిలించినట్టు, మా ఆవిడని జానెడు కాళ్ళ మీద నిలబెట్టి లెక్క కట్టింది. కొలత సరిచేసి మళ్ళీ నడిపిస్తే గీత పచ్చబడింది. నేను ఆర్నెల్ల ఊపిరి ఒక్కసారే వదిలేసరికి గదిలో కాగితాలన్నీ లేచిపోయాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని తమ్ముడి నెత్తిన ఒక్కటిచ్చింది.

"జానెడు కాళ్ళదాన్నట్రా నేను?"

సోమవారం ముగ్గురం ఆవిడ డ్యూటీ బస్సులోనే ఉన్నాం.

"ఫుట్‌బోర్డు మీంచి కాలు తియ్యండి!" ఆవిడ గొంతు ఖంగున మోగింది.

మెట్టు మీద వేలాడుతున్న బావమరిది, "ఏ కాలక్కా?" అన్నాడు.

"నోరు మూసుకుని లోపలికి జరుగు!"

హమ్మయ్య, ఆ కేక ఇప్పుడు నా మీద కాదు.