నాయనమ్మ మానని కాఫీ

ఎండుమిర్చి ఘాటు తగిలితే ఇప్పటికీ నాకు గురజాలలో నాయనమ్మ కాఫీగ్లాసు గుర్తొస్తుంది. ఎనభైల్లో, ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో, ఇంట్లో అందరం ఇష్టమైనదొకటి మానేసేవాళ్లం. నాయనమ్మ మాంసం మానేది గానీ చిక్కటి నల్లకాఫీ వదిలేది కాదు. సరిగ్గా అప్పుడే కల్లాల్లో మిరపకాయలు ఎండేవి. ఆ ఘాటుకు ఆమెకు ఆయాసం ఎగదన్నేది. “దేవుడి కోసం నలభై రోజులు కాఫీ మానలేవా?” అని ఆమె మీద ఎగిరేదాన్ని.

తర్వాత గుంటూరులో ఫార్మసీ క్లాసులో విన్నాను. ఉబ్బసం ఉన్నవాళ్లలో అడినోసిన్ అనే పదార్థం రిసెప్టర్లనే తన చోట్లకు అంటుకుని ఊపిరి గొట్టాల కండరాన్ని బిగిస్తుందట. కాఫీలోని కెఫీన్ వెళ్లి అడినోసిన్‌కు ఆ చోటు దక్కకుండా అడ్డంగా కూర్చుంటుందట, దాంతో గొట్టాలు సడలి ఊపిరి కాస్త ఆడుతుందట. సెలవులకొచ్చి సిగ్గుపడుతూ చెప్పాను.

నాయనమ్మ గ్లాసు దించింది. “ఊపిరాడకపోతే ప్రార్థన ఎట్టా చేసేదే? ఇన్నేళ్లూ ఎగిరావు గానీ, ఎందుకు తాగుతున్నావని ఒక్కసారన్నా అడిగావా?”