కదలని పడవను లాగిన శుక్రవారం

నా కెప్టెన్ లైసెన్సు మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. దాని మీద నేను ఊరికే ఒట్టు పెట్టుకోను. దోహాలో ఎనిమిదేళ్లు పడవల మీద తాళ్లు మోస్తే వచ్చిన లైసెన్సు అది.

ఖతార్‌లో చలికాలమే పడవల కాలం. సెలవు రోజు శుక్రవారం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ వంటసామానుతో సహా సముద్రం మీదే ఉంటారు. ఎవరిదో ఒకరిది ఇంజను మొరాయిస్తుంది. అలాంటి పడవకు తాడు కట్టి ఒడ్డుకు లాక్కురావడం మా పని. ఆ ఏడే నాకు మొదటిసారి కెప్టెన్ సీటు ఇచ్చారు. "ఈ సీజన్ చూస్త. ఒక్క తాడు తెంపినా మళ్ల తాళ్లు మోసుడే," అన్నాడు మా నిజామాబాద్ సూపర్‌వైజర్.

తాడు చూసుకోవడానికి నాతో హైదరాబాద్ భాయ్ ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను "కెప్టెన్ సాబ్" అని పిలిచేవాడు, సాబ్ దగ్గర కాస్త ఎక్కువ సాగదీసి.

ఆ మధ్యాహ్నం మాకది నాలుగో పడవ. ఆగిపోయిన పడవలో ఒక ఖతారీ పెద్దాయన, కొడుకులు, మనవలు ఉన్నారు. మేము దగ్గరికి రాగానే పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టి, ముందు కాఫీకి రమ్మన్నాడు. కాఫీ కాకుండా పని మాట ఎత్తడం అక్కడ మర్యాద కాదు. చిన్న కప్పు ఖాళీ అయిన కొద్దీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పు ఊపాలి. ఖర్జూరాలు బాగుండటంతో నేను నాలుగో కప్పు దాకా ఊపలేదు. లేచి వచ్చేటప్పుడు ఆయన్ను ఏదో అడగాలని మాత్రం గుర్తుంది. ఏమిటన్నది గుర్తు రాలేదు.

తాడు కట్టాం. "యల్లా, పోదాం," అని లాగాను. కొంత దూరం బాగానే వచ్చాం. తర్వాత దోహా మేడలు నా ఎడమ పక్కన కనిపించాయి. కాసేపటికి కుడి పక్కకు వెళ్లాయి. మళ్లీ ఎడమకు వచ్చాయి. ఊరు ఎందుకు తిరుగుతోందో నాకు అర్థం కాలేదు.

"కెప్టెన్ సాబ్, ఆ పచ్చ బోయా మూడోసారి వచ్చింది," అన్నాడు భాయ్, నీళ్ల మీద తేలే దారి గుర్తును చూపిస్తూ.

"అసొంటివి శాన ఉంటయి భాయ్."

"దాని మీద కూసున్న పక్షి గుడ అదే."

వేగం పెంచాను. తాడు కిర్రుమంది. వెనక పడవలో మనవలు చప్పట్లు కొడుతున్నారు. షికారు తిప్పుతున్నాననుకున్నారు కాబోలు. ఇంతలో రేడియోలో సూపర్‌వైజర్.

"ఎక్కడున్నవ్? ఇంక రెండు పడవలు నీ కోసమే చూస్తున్నయి."

సరిగ్గా అప్పుడే రెండు పడవల మధ్య నీళ్లు చీల్చుకుని, మీసాలున్న బూడిదరంగు తల ఒకటి లేచింది. సముద్రపు ఆవు. ఈ తీరంలో నీటి అడుగున గడ్డి మేసే జంతువు. తాడు మీద గడ్డం ఆనించి నావైపు చూసింది.

"సార్, సముద్రపు ఆవు అడ్డమొచ్చింది," అన్నాను.

"ఆవా?"

"ఆవే సార్."

"దానికి దెబ్బ తగలనియ్యకు. మెల్లగ రా."

ఆవు మునిగిపోయింది. పెద్దాయన తన పడవ ముందుభాగానికి వచ్చి, నీళ్లలోకి బిగుసుకుపోయి దిగిన ఇంకో తాడును వేలితో చూపించాడు. లంగరు. మా కోసం ఎదురుచూస్తూ, కొట్టుకుపోకుండా వేసుకున్నారు. ఇంతసేపూ మేము దాని చుట్టూనే తిరిగాం. లాగే ముందు లంగరు తీశారా అని అడగడం ఈ పనిలో మొదటి పాఠం. నేను దాన్ని నాలుగు కప్పుల కాఫీతో కలిపి తాగేశాను. లంగరు తీశాక పడవ బుద్ధిగా వెంట వచ్చింది.

ఇక ఒప్పుకుంటాను. ఆవు అబద్ధం. మిగతాదంతా నిజం, పక్షితో సహా. ఆ ఆవును మీ కోసం పుట్టించలేదు. సీటు పోతుందన్న భయంలో, రేడియో పట్టుకున్న చేతిలోనే పుట్టింది. తాడు తెగలేదు, సీటూ పోలేదు. కానీ ఆ సాయంత్రం సూపర్‌వైజర్ నా ముందే భాయ్‌ని పిలిచి అడిగాడు, నిజంగా ఆవును చూశావా అని.

"చూసిన సార్," అన్నాడు భాయ్, నా మొహం వైపు చూడకుండా. "దూడ గుడ ఉండె."