దాదీని సముద్రానికి తీసుకెళ్లిన సైకిలు

నా చిన్నప్పుడు నేను దొంగచాటుగా చేసిన పని ఒకే ఒక్కటి, సైకిలు తొక్కడం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులవి. మా నాన్న, మేం అబ్బా అంటాం, తెనాలిలో టైలరు. ఆడపిల్ల సైకిలెక్కి వీధులు తిరిగితే కాళ్లు విరగ్గొడతానని ముందే చెప్పి ఉంచాడు. నేనేమో ఆయన షాపులో ఉన్నంతసేపూ పక్కింటి అక్క సైకిలు మీద సందులన్నీ చుట్టేసేదాన్ని. పన్నెండేళ్లకే నా అంత ధైర్యవంతురాలు లేదనుకునేదాన్ని.

ఆ ఏడాది మా దాదీకి, అంటే నాన్నమ్మకి, చూపు తగ్గుతూ వచ్చింది. ఇంకొన్ని నెలలేనని, పోయిన చూపు మళ్లీ రాదని డాక్టరు చెప్పేశాడు. రేపల్లెలో పుట్టి తెనాలిలో కాపురం చేసిన మనిషి, ఇంత దగ్గర్లో ఉన్న సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు. చూపుండగా చూడాలని నోరు తెరిచి అడిగింది. అబ్బా షాపు మూసేసి, ఒక మారుతి వ్యాను అద్దెకు మాట్లాడాడు.

తీరా చూస్తే ఆ రోజు కార్తీక పౌర్ణమి. మా గోడకున్నది మసీదు వాళ్లిచ్చిన క్యాలెండరాయె, ఎవరికీ తట్టలేదు. బాపట్ల దాటి సూర్యలంక రోడ్డెక్కాక తెలిసింది మా తెలివి. సముద్రస్నానాలకు ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చాయి. ముందు బస్సులు, వెనక ట్రాక్టర్లు. ముందుకు పోలేం, వెనక్కి తిప్పలేం. అమ్మ ఒళ్లో తమ్ముడు, నా ఒళ్లో వేడి బిర్యానీ గిన్నె, కాలు కదిపే చోటు లేదు. రెండు గంటలు అలాగే ఉడికిపోయాం. తమ్ముడు ఏడుపు, అబ్బా డ్రైవరు మీద చిరాకు. దాదీ మాత్రం అద్దానికి మొహం ఆనించి, "కనిపిస్తోందా?" అని అడుగుతూనే ఉంది.

అప్పుడు స్నానం చేసి తిరిగొస్తున్న ఒక పెద్దాయన మా కిటికీ దగ్గర ఆగాడు. తడి పంచె, చేతిలో లేడీస్ సైకిలు.

"సాయంత్రం దాకా ఈ బళ్లు కదలవండి, మామ్మగారు నడిచేంత దగ్గరా కాదు. పోలీసులు సైకిళ్లని మాత్రం వదులుతున్నారు. ఇది మా అమ్మాయిది. మామ్మగారిని దీని మీద తీసుకెళ్లండి, నేనిక్కడే కూర్చుంటా."

అబ్బాకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది, సైకిలు తొక్కలేడు. అమ్మకు రాదు. డ్రైవరు బండి వదలలేడు. ఇక మిగిలింది నేను. నోరు తెరిస్తే నా గుట్టు బయటపడుతుంది. తల వంచుకుని గిన్నె మూత కేసి చూస్తూ కూర్చున్నాను. ఛీ, ఎంత పిరికిదాన్ని!

"పోనీలేరా, నాకు రాసిపెట్టి లేదు" అంది దాదీ. ఆ మాట వినలేకపోయాను.

"నేను తొక్కుతాను అబ్బా."

అబ్బా చెయ్యి లేచింది. దాదీ ఆ చెయ్యి పట్టుకుంది.

"నేనే నేర్చుకోమన్నానురా. కొట్టేదేదో నన్ను కొట్టు."

పచ్చి అబద్ధం! అబ్బా చెయ్యి దించి తలుపు తీశాడు.

దాదీ వెనక క్యారేజీ మీద కూర్చుని నా నడుం పట్టుకుంది. జనం మధ్య వంకర్లు పోతూ తొక్కాను. నేను తొక్కుతానని నీకు ముందే తెలుసా అని దారిలో అడిగితే నవ్వింది. "నీ సల్వారుకంటిన గ్రీజు మరకలు మీ అమ్మ చూడకముందే ఉతికేదెవరనుకున్నావే?"

అన్నాళ్లూ తెలిసి కూడా, వ్యానులో తన కోరిక పోతుంటే కూడా, నన్ను పట్టివ్వలేదావిడ. అది తలుచుకుని తొక్కుతూనే ఏడ్చేశాను.

సముద్రం ముందు దాదీ చెప్పులు విడిచి, మోకాళ్ల దాకా తడుస్తూ చాలాసేపు నిలబడింది.

ఎండాకాలం రాకముందే ఆవిడ చూపు పోయింది. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, నురగ ఎంత తెల్లగా ఉందో చెప్పేది. విన్నప్పుడల్లా నాకొకటే అనిపించేది. ఇంకాసేపు నేను తల వంచుకుని కూర్చుని ఉంటే ఆవిడకు ఆ రంగులు ఉండేవి కావు. ఇప్పటికీ ఎవరికైనా భయపడి నోరు మూసుకోబోతే, నా మీద ఈగ వాలనివ్వకుండా 'రాసిపెట్టి లేదు' అన్న ఆ గొంతు వినిపిస్తుంది. ఇక ఆగలేను, మాట్లాడేస్తాను.