కెల్లీ ఇంటిపేరు వాళ్ళం

నేను ఆగలేని మనిషిని. పాలు పొంగేదాకా కూడా పొయ్యి దగ్గర నిలబడలేను. అలాంటిదాన్ని, గొట్టంలో పట్టిన ఉమ్మి ఏం చెబుతుందో అని వారాల తరబడి కాచుకుని కూర్చోవలసి వచ్చింది. నా పెళ్ళి ఆ ఉమ్మి మీద ఆధారపడింది మరి.

మా ఇంటిపేరు కెల్లీ. చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మా నాయనకు, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ తప్ప ఇంకో భాష సరిగ్గా రాని మనిషికి, ఐర్లాండు ఇంటిపేరు. తన తాతకు నాయన రైల్వేలో పనిచేసిన ఐరిష్ దొర అనీ, ఆయన మన తెలుగుపిల్లను మనువాడాడనీ చెప్పేవాడు. సాక్ష్యం కావాలంటే తన పిల్లికళ్ళు చూపించేవాడు. చింతాద్రిపేటలో మా పాత చర్చికి వెళ్ళి బస్సులో తిరిగొస్తుంటే, పురసవాక్కం దాటాక కండక్టరు తర్వాతి స్టాపు పేరు "కెల్లీస్, కెల్లీస్" అని కేకవేస్తాడు. ఆ కేక వినగానే నాయన వీపు నిటారు చేసి కూర్చునేవాడు. "మన స్టాపు మే" అనేవాడు నాతో. మేం ఏనాడూ అక్కడ దిగలేదు.

నేను ఎస్టేట్‌లోనే ఒక కంపెనీలో విడిభాగాల కొలతలు చూసే పని చేస్తాను. కంపెనీ బస్సులో ఒకడు నా మెడలోని ఐడీ కార్డు చదివి, "నువ్వూ కెల్లీనా?" అని తమిళంలో అడిగాడు. తన కార్డు తీసి చూపించాడు. మాధవరంలో ఉండే ఆంగ్లో ఇండియన్ కుటుంబం వాళ్ళది. మా నాయన కన్నా రెండు ఛాయలు నలుపు. ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. అలా నవ్వుకుంటూనే పెళ్ళి దాకా వచ్చాం.

అతని తల్లికి చెబితే, పెళ్ళయ్యాక బ్యాంకులో పేరు మార్చుకునే శ్రమ తప్పిందంది. మా ఇంట్లో మాత్రం నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"ఒకే ఇంటిపేరోళ్ళు అన్నాచెల్లెళ్ళు అవతారు మే. ఆ మాత్రం తెలీదా నీకు?"

"నాయనా, అది మనోళ్ళ లెక్క. ఐర్లాండోళ్ళకు ఆ పట్టింపులు యాడుండాయి?"

"ఏ ఊరోళ్ళయితే ఏంది? పేరు ఒకటే, రక్తం ఒకటే దా. ఆ పిల్లోడు నీకు అన్న వరస. ఇంక ఆ మాట ఎత్తబాక."

నాకు ఒళ్ళు మండింది. ఎన్ని తరాలుగానో బైబిలు చదువుతున్నాం, వరసల దగ్గరికొచ్చేసరికి పక్కింటి శెట్టిగారికి మేమేమీ తీసిపోం. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయింది. "చర్చిలో నలుగురూ అన్నాచెల్లెలు పెళ్ళి చేసుకున్నారంటే నా మొకం యాడ పెట్టుకునేది?" అని ఏడ్చింది. ఆమెనీ కసిరేశాను.

ఆ రోజు నుంచీ నాకు నిలకడ లేదు. బస్సులో, క్యాంటీన్‌లో, పడకలో కూడా ఫోన్లో ఆ పేరు గురించే వెతికాను. ఐర్లాండులో వీధికొక కెల్లీ ఉంటాడట. పాతకాలపు ఒక మగవాడి పేరు నుంచి పుట్టిందట ఆ ఇంటిపేరు. దాని అర్థమేమిటో వాళ్ళే తేల్చుకోలేదు. కొందరు కొట్లాట అంటారు, కొందరు చర్చికి వెళ్ళేవాడు అంటారు. మా ఇంట్లో రెండూ జరుగుతున్నాయి కాబట్టి నేను వాదించదలచుకోలేదు. నాకు పనికొచ్చిన సంగతి వేరే ఉంది. ఆ పేరు ఒక్క చోట పుట్టింది కాదు. ఒకరికొకరు సంబంధం లేని చాలా ఊళ్ళలో, ఆ పేరున్న వేరువేరు మనుషుల సంతానం వేరువేరుగా కెల్లీలయ్యారు. ఆ పేరున్న నాయకుడి నీడన బతికినవాళ్ళు ఆయన పేరు పెట్టుకున్నారు. కొందరు కొడుకులు తల్లి వైపు పేరు మోశారు. అందువల్ల అక్కడ కూడా కెల్లీకీ కెల్లీకీ రక్తం కలవాలని లేదు.

నాయనకు ఇదంతా చదివి వినిపించాను. గోడ మీది గడియారం వంక చూస్తూ విన్నాడు. "అది వాళ్ళ సంగతి. ఈడికి వచ్చింది ఒక్క దొరే దా" అన్నాడు. ఎలా తెలుసని అడిగితే తెలుసన్నాడు.

కెల్లీలందరినీ పోల్చి చూసే ఒక బృందం ఫోన్లో కనబడింది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే గుర్తు ఒకటి ఉంటుందట. మగవాళ్ళ ఉమ్మి పంపితే, ఏ కెల్లీ ఏ కెల్లీకి దగ్గరో చెబుతారు. నా ఉమ్మి దానికి పనికిరాదు. నాయనదే కావాలి. అడగడానికి భయపడ్డాను గానీ, ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "తెప్పించు. దొర రక్తమని కాయితం మీద వస్తే నీ నోరూ మూతపడతాది, ఆ పిల్లోడి దారీ వాడు చూసుకుంటాడు" అన్నాడు. అలా ఆ ఒక్క గొట్టం మీద ఇద్దరం ఎదురెదురు ఆశలు పెట్టుకున్నాం.

ఉమ్మే ముందు అరగంట పాటు ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ లేకుండా పొద్దున్నే మొహం కూడా కడగని మనిషి, ఆ రోజు కాఫీ మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోటో దిగేవాడిలా కుర్చీలో కూర్చుని గొట్టంలో ఉమ్మాడు. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. మాధవరంలో అతని తండ్రి కూడా ఇచ్చాడు. రెండూ కొరియర్‌లో వెళ్ళాయి.

ఆ తర్వాత ఇంట్లో ఒక చోట కూర్చుంటే ఒట్టు. ఫోను తీస్తాను, పెడతాను, మళ్ళీ తీస్తాను. కంపెనీలో కొలిచిందే మళ్ళీ కొలిచి సూపర్‌వైజరు చేత చీవాట్లు తిన్నాను. చివరికి తట్టుకోలేక చర్చికి వెళ్ళి పెళ్ళికి పేర్లు ఇచ్చేశాను. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చర్చిలో చదువుతారు. మావాళ్ళు తమిళంలో దాన్ని ఓలె అంటారు. చదివాక, వీళ్ళ మధ్య రక్తసంబంధం గానీ మరో అడ్డంకి గానీ ఎవరికైనా తెలిస్తే చెప్పండని ఫాదర్ అడుగుతాడు.

నాయనకు విషయం తెలిసి, "చదవనీ. నేనే లేచి నిలబడతా" అన్నాడు.

మొదటి ఆదివారం ఫాదర్ కెల్లీ అనే పేరు వెంటవెంటనే రెండుసార్లు చదివేసరికి వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను నాయన మోకాళ్ళనే చూస్తున్నాను. అవి కదల్లేదు. "రిజల్టు రానీ" అన్నాడు బయటికొచ్చాక. రెండో ఆదివారమూ అంతే. ఆ లోపల మా అత్త ఒకామె అమ్మను ఆపి, ఇంటి ఆడపిల్లను ఇంట్లోనే ఇచ్చుకుంటున్నారా అని అడిగింది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

రిజల్టు గురువారం వచ్చింది. నేను కంపెనీలో చదివాను. పడమటి ఐర్లాండు కెల్లీల్లో ఒక గుంపుకీ అతని తండ్రికీ బాగా దగ్గర చుట్టరికం కనబడింది. మా నాయన ఏ కెల్లీకీ చుట్టం కాడు. ఆయన తండ్రుల వరస అంతా దక్షిణ భారతంలో ఎంతో కాలంగా ఉన్న వరస. అందులో ఏ దొరా లేడు.

గెలిచాను. బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. సంతోషమే ముందు వచ్చింది, కానీ నిలవలేదు. ఇంటికెళ్ళి ఎలా చెప్పాలా అన్న ఆలోచన దాన్ని తోసేసింది. ఆ సాయంత్రం నేను ఒక స్టాపు ముందే దిగి నడిచాను.

నాయన ఫోను కళ్ళకు దూరంగా పట్టుకుని చూసి, తర్వాత నా చేత చదివించుకున్నాడు. "గొట్టాలు మారిపోయిండాయేమో" అన్నాడు. మారలేదన్నాను. తర్వాత, తనలో తను మాట్లాడుకుంటున్నట్టుగా అన్నాడు:

"మా అవ్వ చెప్పేది. మా తాతకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఒక దొర జ్ఞానతండ్రిగా నిలబడినాడంట. ఆయన పేరే పెట్టినారంట. నేను చిన్నోణ్ణి. దొర మనవడని చెప్పుకుంటే స్కూల్లో ఎవురూ కొట్టేవోళ్ళు కాదు."

నాకు ఏడుపొచ్చింది. "పేరు మనదే కదా నాయనా" అన్నాను. ఆయన లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. శుక్రవారం, శనివారం నాతో మాట్లాడలేదు.

మూడో ఆదివారం ఆ ఇస్త్రీ చొక్కాయే వేసుకున్నాడు. అవమానం పడ్డ మనిషి ఏం చేస్తాడో చెప్పలేం. ఫాదర్ పేర్లు చదివాడు. మళ్ళీ గుసగుసలు. ఎవరికైనా అడ్డంకి తెలిస్తే చెప్పండి అన్నాడు. నాయన లేచాడు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చర్చంతా మా వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచీ నాయన దొర కథ విన్నవాళ్ళే ఆ బెంచీల నిండా.

"ఫాదర్, వాళ్ళిద్దరికీ రక్తసంబంధం లేదు" అన్నాడు. "పరీక్ష చేయించినాం. ఆ పిల్లోడు నిజం కెల్లీ. మేము కాదు. మా తాతకు జ్ఞానతండ్రి ఇచ్చిన పేరు మాది. దొర మనవళ్ళమని నేను చెప్పిందంతా ఉత్తదే. ఇంక ఎవురూ నా బిడ్డను మాట అనబాకండి."

కూర్చున్నాడు. ఫాదర్ మంచిదండీ అని, తర్వాతి పాట సంఖ్య చెప్పాడు.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను ఆయన పక్కన. బస్సు పురసవాక్కం దాటింది. కండక్టరు "కెల్లీస్, కెల్లీస్" అని అరిచాడు. ఆయన వీపు నిటారుగా అవుతుందేమో అని చూశాను. కాలేదు. కిటికీ లోంచి బయటికి చూస్తూ, మోచేత్తో నన్ను మెల్లగా పొడిచాడు.

"నీ స్టాపు వచ్చిండాది, చూడు మే."